చౌక ఉలులు పారేయాలా, పదును పెట్టి వాడుకోవాలా?

600 రూపాయలకు నాలుగు ఉలుల సెట్టు కొన్నానని, టేకు చెక్క మీద పెడితే అవి కోయడానికి బదులు చెక్కను నలిపేస్తున్నాయని, వాటిని పక్కన పడేసి ఖరీదైనవి కొనాలా, లేక సాన పడితే దారికి వస్తాయా అని మీరు అడిగారు. పడేయవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే ఆ ఉలులకు ఇంకా ఎవరూ పదును పెట్టలేదు. కార్ఖానాలో గ్రైండర్ మీద ఒక రూపం ఇచ్చి పంపిన అంచును మీరు పదును అనుకొని పని మొదలుపెట్టారు. 11 ఏళ్ల క్రితం నేనూ సరిగ్గా అదే చేశాను కాబట్టి, అప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను వృత్తిరీత్యా వడ్రంగిని కాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో బాల్కనీలో పీటలు, పుస్తకాల అరలు, చిన్న పెట్టెలు చేసుకుంటాను. నా మొదటి ఉలులను సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్నాను. పావు, అర, ముప్పావు, అంగుళం వెడల్పులవి, అంటే సుమారుగా 6, 12, 18, 25 మిల్లీమీటర్లవి. ఒక ఆయిల్ స్టోన్, అంటే నూనె వేసి నూరే సానరాయి కూడా తెచ్చుకొని, రెండు సాయంత్రాలు వరుసగా వాటి ఏటవాలు ముఖాన్ని నూరాను. ముఖం తళతళలాడింది కానీ చెక్క మాత్రం తెగలేదు. ఆ వారంలోనే మా ఇంటి తలుపుకు మడత బందులు మార్చడానికి ఒక పెద్ద మేస్త్రి వచ్చారు. నా ఉలిని చేతిలోకి తీసుకొని, నేను నూరిన వైపు చూడనైనా చూడకుండా దాన్ని తిరగేసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, "వీపు సాఫు చెయ్యకుండ ముఖం ఎంత నూరితే ఏం ఫాయిదా సార్" అన్నారు. నా పొరపాటు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

పదును అనేది రెండు తలాలు కలిసే గీత. ఒకటి ఏటవాలు ముఖం, రెండవది దాని వెనుక ఉండే చదును ముఖం. ఈ రెండింటిలో ఒకదాని మీద గాట్లు ఉన్నా, అవి రెండూ కలిసే గీత రంపపు పళ్లలా ఉంటుంది తప్ప సన్నగా ఉండదు. చౌక ఉలుల వెనుక ముఖం మీద గ్రైండింగ్ చారలు కంటికి కనబడేంత లోతుగా ఉంటాయి. చాలాసార్లు ఆ ముఖం చదునుగా కూడా ఉండదు, అంచు దగ్గర కొద్దిగా పైకి లేచి ఉంటుంది. ఎంత ఖరీదైన ఉలికైనా కొన్న రోజున ఈ పని కొంత ఉంటుంది. ధర పెరిగే కొద్దీ మీరు చేయవలసిన శ్రమ తగ్గుతుంది, అంతే. కాబట్టి మీ దగ్గర ఇంకొంత డబ్బు ఉంటే దాన్ని మరో సెట్టు మీద కాక పదును పెట్టే సామగ్రి మీద ఖర్చు చేయమని నా సలహా.

ఆ సామగ్రి పెద్దదేమీ కాదు. గాజు పలకలు అమ్మే దుకాణంలో 8 లేదా 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్కను, మూరెడు పొడవు, జానెడు వెడల్పున కోయించుకుని, చేతులు కోసుకోకుండా దాని అంచులు నున్నగా చేయించుకోండి. రంగుల దుకాణంలో వాటర్ పేపర్ అని అడిగితే నీళ్లతో రుద్దే నల్లటి కాగితాలు ఇస్తారు. వాటిలో 220, 400, 800, 1000, 2000 నంబర్లవి తీసుకోండి, నంబరు పెరిగే కొద్దీ కాగితం సన్నగా ఉంటుంది. గాజు మీద కొన్ని నీళ్లు చల్లి కాగితం పరిస్తే అతుక్కుని ఉంటుంది. రాయి వాడినకొద్దీ మధ్యలో గుంట పడుతుంది కానీ గాజుకు ఆ బాధ లేదు. అందుకే మొదటిసారి వెనుక ముఖం చదును చేసే పనికి రాయి కంటే ఇదే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

మొదలుపెట్టే ముందు వెనుక ముఖం మీద, అంచు నుంచి సుమారు 25 మిల్లీమీటర్ల మేర మార్కర్ పెన్నుతో నల్లగా పూయండి. ఉలిని 220 కాగితం మీద పూర్తిగా ఆనించి, అంచుకు దగ్గరగా రెండు వేళ్లతో నొక్కి పట్టి, పది పన్నెండు సార్లు ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. ఎక్కడ సిరా పోయిందో అక్కడ ఎత్తు, ఎక్కడ మిగిలిందో అక్కడ పల్లం. పిడి వైపు చేతిని ఏమాత్రం పైకి ఎత్తకూడదు. ఒక్కసారి ఎత్తినా అంచు గుండ్రమైపోయి, చేసిన పని వృథా అవుతుంది. అంచును ఆనుకుని ఉన్న సిరా ఈ మూల నుంచి ఆ మూల వరకు పూర్తిగా పోయే దాకా 220 వదలవద్దు. ఆ తరువాత వరుసగా సన్న కాగితాలకు వెళ్లండి. ప్రతి కాగితం మీదా అంతకుముందు కాగితం గీతలు పూర్తిగా పోయాయో లేదో చూసుకోండి. నాకు ఒక్కో ఉలికి దాదాపు 40 నిమిషాలు పట్టింది, అంగుళం ఉలికి గంట దాటింది. ఓపిక పట్టవలసింది ఇక్కడే, ఎందుకంటే ఈ పని ఆ ఉలి జీవితంలో ఒక్కసారే చేయాలి. వెనుక భాగమంతా అద్దంలా మెరవనవసరం లేదు, అంచు దగ్గర ఉన్న ఆ 25 మిల్లీమీటర్లు చాలు.

ఇక ఏటవాలు ముఖం. సాధారణ పనికి 25 డిగ్రీల వాలు చేసి, కొసన మాత్రం 30 డిగ్రీలతో సన్నని రెండో వాలు ఇవ్వడం అందరూ పాటించే పద్ధతి. కోణమానిని లేకపోయినా దీన్ని కొలవవచ్చు. ఏటవాలు ముఖం పొడవు ఉలి మందానికి సరిగ్గా రెండింతలు ఉంటే అది 30 డిగ్రీలు. 3 మిల్లీమీటర్ల మందానికి 6 మిల్లీమీటర్ల ముఖం అన్నమాట. అదే 25 డిగ్రీలకైతే ముఖం 7 మిల్లీమీటర్లకు కాస్త పైన వస్తుంది. నేను చాలా కాలం చేతితోనే పట్టుకుని నూరాను, ముఖం ప్రతిసారీ గుండ్రమయ్యేది. చివరకు చిన్న చక్రం ఉన్న, ఉలిని రెండు పక్కల నుంచి బిగించే హోనింగ్ గైడ్ కొన్నాను. ఈ రకం గైడ్‌లో ఉలి కొస 40 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా బిగిస్తే సుమారు 25 డిగ్రీలు, 30 మిల్లీమీటర్లు ఉండేలా బిగిస్తే సుమారు 30 డిగ్రీలు వస్తాయి. ఒక చెక్క ముక్క మీద ఈ రెండు దూరాలకు రెండు మేకులు కొట్టి ఉంచుకుంటే ప్రతిసారీ స్కేలుతో పని ఉండదు.

ముఖాన్ని నూరుతున్నప్పుడు వెనుక వైపు వేలిని అంచు బయటికి జరిపి చూస్తే, సన్నని లోహపు పొర ఒకటి గీరుకున్నట్టు తగులుతుంది. దాన్నే బర్ అంటారు. అంచు పొడవునా ఆ పొర లేచిందంటే రెండు తలాలు కలిశాయని అర్థం. లేవకపోతే ఇంకా నూరాలి. చాలామంది ఇక్కడికి చేరకముందే సన్న కాగితానికి మారిపోయి, ఎంత నూరినా పదును రావడం లేదని వాపోతారు. పొర లేచిన తరువాత సన్న కాగితాల మీద ముఖాన్ని, వెనుక భాగాన్ని మార్చి మార్చి రుద్దుతూ దాన్ని పూర్తిగా పోగొట్టాలి. చివరగా చెక్క ముక్కకు అతికించిన తోలు మీద ఆకుపచ్చ పాలిష్ సబ్బు రాసి, ఉలిని పిడి వైపుకు మాత్రమే పది ఇరవై సార్లు లాగితే సరిపోతుంది. ముందుకు తోస్తే తోలు తెగుతుంది.

ఇంత చేసినా కొన్ని చౌక ఉలులు మొండికేస్తాయి. ఉక్కును కొలిమిలో కాల్చి, చల్లార్చి, పానం పట్టించడంలో, అంటే తగిన గట్టిదనం తెప్పించడంలో తేడా రావడం ఒక కారణం. కార్ఖానాలో గ్రైండర్ మీద హడావిడిగా పట్టినప్పుడు కొస వేడెక్కి మెత్తబడడం రెండవ కారణం. నా ముప్పావు ఉలి ఎంత పదును పెట్టినా నాలుగు దెబ్బలకే అంచు మడత పడేది. విసుగొచ్చి కొసను 4 మిల్లీమీటర్ల దాకా అరగదీసి మళ్లీ వాలు చేస్తే, లోపలి ఉక్కు గట్టిగా ఉండి ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. పావు ఉలి మాత్రం ఎంత అరగదీసినా మారలేదు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి చిన్న ఆకురాయితో, మెత్తబడ్డ కొసకు కాస్త పైన, పక్క అంచు మీద ఒకసారి రాసి చూడండి. మంచి ఉలి కొస గట్టిదనం రాక్‌వెల్ కొలమానం మీద సుమారు 58 నుంచి 62 వరకు ఉంటుంది కాబట్టి, దాని మీద ఆకురాయి ఎక్కువగా జారుతుంది. మెత్తని ఇనుము మీద పడ్డట్టు సులువుగా రజను రాలితే ఆ ఉక్కు పనికి రాదు. కొత్తది కొనేటప్పుడు దుకాణదారు ఒప్పుకుంటే అక్కడే ఈ పరీక్ష చేయవచ్చు. ఒప్పుకోకపోతే వెనుక ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురు ఎక్కడ దూరుతోందో చూడండి. ముఖం మరీ వంకరగా ఉన్నదాన్ని, పిడి వంగి బిగించినదాన్ని వదిలేయండి.

గ్రైండర్ గురించి ఒక హెచ్చరిక. గాట్లు పడ్డ ఉలిని తొందరగా సరిచేయాలని నేను ఒకసారి గ్రైండర్ మీద పెట్టి, రెప్పపాటులో కొసను నీలం రంగుకు తెచ్చాను. ఉక్కు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డి రంగుకు, 300 డిగ్రీల దగ్గర నీలం రంగుకు తిరుగుతుంది. నీలం కనబడిందంటే అక్కడ పానం పోయినట్టే, ఆ మేరకు మొత్తం అరగదీయక తప్పదు. గ్రైండర్ వాడక తప్పకపోతే పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని, రెండు సెకన్లకు మించి ఆనించకుండా, వేలికి వేడి తగలకముందే ముంచుతూ ఉండండి.

మీరు టేకుతో నేర్చుకుంటున్నారు. టేకులో సహజంగానే ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అది పదునును త్వరగా తినేస్తుంది. అందువల్ల అరగంట పనికి ఒకసారి తోలు మీద లాగడం, గంటకో రెండు గంటలకో 1000, 2000 కాగితాల మీద రెండు నిమిషాలు నూరడం అలవాటు చేసుకోండి. మెత్తని చెక్కకు పదును తక్కువైనా పరవాలేదని అనుకోవద్దు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి లాంటి మెత్తని కొయ్యలో మొద్దు ఉలి నారలను కోయలేక అణిచేస్తుంది. నేను పదునును పరీక్షించేది మెత్తని చెక్క అడ్డకోత మీదే. పల్చని పెచ్చు పొడి కాకుండా ఒకే ముక్కగా లేచి, తెగిన చోటు నున్నగా ఉంటే ఉలి సిద్ధమైనట్టు.

మొద్దు ఉలితో పని చేయడం ప్రమాదం కూడా. తెగడం లేదని బలమంతా పెట్టి తోసినప్పుడు అది జారి, చెక్కను పట్టుకున్న నా ఎడమచేతి బొటనవేలి కింద దిగింది, నాలుగు కుట్లు పడ్డాయి. చెక్కను క్లాంపుతో బల్లకు బిగించి, రెండు చేతులూ ఎప్పుడూ అంచుకు వెనుకనే ఉండేలా చూసుకోండి. చెక్క పిడి ఉన్న ఉలిని కొయ్య సుత్తితోనే కొట్టండి. పైన పొన్ను, అంటే లోహపు కట్టు లేని పిడి ఇనప సుత్తి దెబ్బలకు చీలిపోతుంది. వానాకాలంలో పని అయ్యాక కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి తుడిచి పెట్టండి. అంచు మీద తుప్పు చుక్క పడితే అది పదునులో గాటుగా మారుతుంది.

మీ నాలుగు ఉలులలో ముందు అర అంగుళం దానిని తీసుకుని ఈ పని చేయండి, ఎక్కువగా వాడేది అదే. 30 డిగ్రీల దగ్గర అంచు పెళుసుగా విరుగుతుంటే రెండో వాలును 33 డిగ్రీల దాకా పెంచి చూడండి. కొస 4 మిల్లీమీటర్లు అరగదీశాక కూడా మడత పడుతుంటే ఆ ఒక్కదానిని మాత్రం మార్చండి. అలా మార్చేటప్పుడు చెక్ దేశంలో తయారయ్యే నారెక్స్ లాంటి మధ్యరకం ధర ఉలి ఒక్కటి తీసుకుంటే సరిపోతుంది, సెట్టు అక్కరలేదు. నేను పావు ఉలి స్థానంలో అలాగే ఒక్కటి కొన్నాను. మిగిలిన మూడూ ఆనాటి రాణీగంజ్ ఉలులే.