డబ్బంతా అబ్బాయికి ఇచ్చేస్తే రేపు హోమ్ ఫీజు ఎలా?

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. మావారి రిటైర్మెంటు డబ్బు 40 లక్షలు నా పేరున ఉంది. పెన్షన్ లేదు. అబ్బాయి ఇల్లు కొంటూ 30 లక్షలు అడుగుతున్నాడు. ‘నిన్ను మేం చూసుకోమా అమ్మా’ అంటున్నాడు. నా మోకాళ్ల తీరు చూస్తే ముందుముందు వృద్ధాశ్రమంలో చేరాల్సి రావచ్చు. ఇవ్వమంటారా? పన్ను పడుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పన్ను బెంగ వద్దు. తల్లి కొడుక్కిచ్చిన డబ్బు ఎంతైనా అతని ఆదాయంలో కలవదు, మీకూ పన్ను లేదు. నగదుగా మాత్రం ఇవ్వకండి. 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానాగా కట్టాల్సి రావచ్చు. బ్యాంకు ద్వారానే పంపండి.

ముందు ఈ లెక్క చూడండి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షల వరకు పెట్టొచ్చు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. అబ్బాయికి ఇచ్చేశాక మిగిలిన 10 లక్షల మీద నెలకు 7 వేలు కూడా రాదు. మీరు చేరాలనుకునే హోముకు ఇప్పుడే వెళ్లి నెల ఫీజు, డిపాజిట్, అది తిరిగిస్తారా లేదా, మంచాన పడితే అటెండెంటుకు విడిగా ఎంత, ఏటా ఎంత పెంచుతారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కనీసం పదేళ్లకు సరిపడా పక్కన పెట్టి, మిగిలిందే అబ్బాయితో మాట్లాడండి. 30 లక్షలు ఇవ్వడం మాత్రం మాకు సమ్మతం కాదు.

‘చూసుకోకపోతే ఆర్డీఓ గారి ట్రిబ్యునల్‌లో వెనక్కి తీసుకోవచ్చు’ అని ఎవరైనా ధైర్యం చెబితే సగమే నమ్మండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది, డబ్బుకూ వర్తిస్తుంది. అయితే మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీదే ఇచ్చినట్టు తేలాలి. షరతు లేని దస్తావేజును ఈ సెక్షన్ కింద రద్దు చేయడం కుదరదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో తల్లి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. అక్కడ జీవితాంతం చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. మీ విషయంలో ఉత్త బ్యాంకు బదిలీ తప్ప ఏ కాగితమూ ఉండదు. పైగా ఆ డబ్బు ఇంట్లో కలిసిపోయి, ఇల్లేమో బ్యాంకు తాకట్టులో ఉంటుంది. గెలిచినా చేతికి రావడం కష్టం.

ఇచ్చే ఆ కాస్త కూడా ఊరకే ఇవ్వకండి. సేల్ డీడ్‌లో మీ వాటా రాయించుకోవడం మేలు. హోమ్ లోన్ ఉంటే సహయజమానులందర్నీ అప్పులో కలపమని బ్యాంకు అడగొచ్చు. మీ వయసుకు అది పొసగకపోతే ప్రోనోటు రాయించుకోండి. మూడేళ్లకు దానికి కాలదోషం పడుతుంది కాబట్టి గడువులోపు ఎంతో కొంత జమ చేయించి, నోటు వెనకాల చెల్లు రాయించి సంతకం తీసుకోండి. కన్నకొడుకు దగ్గర నోటేమిటి అని మొహమాటపడతారు, తెలుసు. అయినా రాయించుకోండి.

మిగతా డిపాజిట్లకు అబ్బాయిని నామినీగా పెడితే చాలు. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ జాయింటు ఖాతా చేస్తే మీరు ఉండగానే అతను డబ్బు తీసుకోగలడు.

ప్రశ్న: ఇంగ్లండులో ఉంటున్నాం. కేర్ హోముకు వెళ్లడానికి ఏడేళ్ల ముందే పిల్లలకు డబ్బిచ్చేస్తే, ఫీజులో సాయం చేసే స్థానిక కౌన్సిల్ లెక్కలోకి అది రాదంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: కాదు. ఏడేళ్ల నిబంధన వారసత్వ పన్నుది. కేర్ ఫీజు విషయంలో కౌన్సిల్ చూసేది ఎందుకిచ్చారన్నదే, దానికి కాలపరిమితి లేదు. ఫీజు తప్పించుకోవడానికి ఇచ్చారని తేలితే ఆ డబ్బు ఇంకా మీ దగ్గర ఉన్నట్టే లెక్కేస్తారు. అలా లెక్కేసిన మీ సొమ్ము 23,250 పౌండ్లు దాటితే ఫీజంతా మీదే. 2014 కేర్ చట్టం ప్రకారం, పుచ్చుకున్న పిల్లల నుంచి కూడా రాబట్టొచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు, హోము ఆలోచనే లేనప్పుడు పెళ్లికో చదువుకో ఇచ్చి ఉంటే ఆ కాగితాలు దాచుకోండి.