కొత్తదని పాత ఎస్ఎస్‌డీ అంటగట్టారు... కేసు కడపలో వేయొచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పదిహేడేళ్ల మా అబ్బాయి కోసం 2025 అక్టోబర్‌లో సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో రూ. 92,000 పెట్టి గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించాం. డబ్బు నా ఫోన్ నుంచి వెళ్లింది, బిల్లు వాడి పేరున ఉంది. విండోస్‌కు ఒకటి, గేమ్‌లకు ఒకటి అని రెండు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు (డేటా దాచే వేగవంతమైన డ్రైవ్‌లు) వేశారు. ‘రెండూ కొత్తవి, జెన్ 4, స్పీడ్ సెకనుకు 7,000 ఎంబీ వస్తుంది’ అని వాట్సాప్‌లో కొటేషన్ పంపారు. తెచ్చిన ఐదో రోజు మావాడు డ్రైవ్ స్థితి చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే గేమ్‌ల డ్రైవ్ అప్పటికే 4,100 గంటలు నడిచినట్టు ఉంది. స్క్రీన్‌షాట్ తీసి పంపితే ‘సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోంది’ అన్నారు. స్పీడ్ రెండింటికీ 3,500 దాటదు. సైజు కూడా 931 జీబీయే. జనవరిలో ఆ గేమ్‌ల డ్రైవ్ పూర్తిగా పోయింది, దాంతోపాటు వాడి వీడియోలన్నీ పోయాయి. కంపెనీకి సీరియల్ నంబర్ పంపితే, అది ల్యాప్‌టాప్ తయారీదారులకు ఇచ్చిన సరుకు, మీకు వారంటీ లేదని మెయిల్ పెట్టారు. దుకాణదారు కంపెనీతోనే తేల్చుకోమంటున్నాడు. బిల్లు కింద ‘వివాదాలు హైదరాబాద్ పరిధిలోనే’ అని అచ్చు వేశారు. కంప్యూటర్‌లో ఉన్నవి రైజన్ 5 5600జీ ప్రాసెసర్, బీ550 బోర్డు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: మీరు చెప్పినవాటిలో గట్టి కేసు ఒక్కటే: కొత్తదని చెప్పి వాడిన డ్రైవ్ అమ్మడం. మిగతావన్నీ దాని పక్కన పేర్చితే అవతలి వకీలు బలహీనమైనవే పట్టుకుని వాదిస్తాడు. కాబట్టి ముందు ఏవి వదిలేయాలో చెబుతాను.

931 జీబీ సంగతి ఫిర్యాదులో రాయకండి. తయారీదారులు టెరాబైట్‌ను వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. ఏ 1 టీబీ డ్రైవ్ పెట్టినా అంతే చూపిస్తుంది.

స్పీడ్ విషయం కొంచెం చిక్కు. 5600జీ ప్రాసెసర్ పీసీఐఈ (డ్రైవ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారి) 3.0 వరకే, అంటే మూడో తరం (జెన్ 3) వరకే ఇస్తుంది. జెన్ 4 డ్రైవ్ పెట్టినా అది జెన్ 3 వేగంతోనే, అంటే 3,500 దగ్గరే ఆగిపోతుంది. పైగా చాలా బీ550 బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ (డ్రైవ్ బిగించే చోటు) ప్రాసెసర్ నుంచి కాక బోర్డు మీది చిప్‌సెట్ నుంచి వచ్చేది, ఏ ప్రాసెసర్ పెట్టినా అది జెన్ 3యే. కాబట్టి డ్రైవ్‌లో లోపం లేదు. అయితే ఈ విడిభాగాల జాబితా ఎవరిది? మీవాడే వీడియోలు చూసి రాసుకెళ్లి ‘ఇవి బిగించండి’ అని ఉంటే దుకాణదారుపై వేలు చూపలేం. ప్రాసెసర్, బోర్డు, డ్రైవ్ అన్నీ కలిపి కొటేషన్ ఇచ్చి 7,000 వస్తుందని రాసింది అతనే అయితే, అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం కిందికి తేవచ్చు. రెండో మాటగా చేర్చండి, కానీ దానికి పెద్ద పరిహారం ఆశించకండి. గేమ్ లోడ్ కావడంలో ఆ రెండు వేగాలకూ తేడా చాలాసార్లు కొద్ది సెకన్లే.

ఇక 4,100 గంటలు. రాత్రింబవళ్లు ఆపకుండా నడిపినా అది 170 రోజుల వాడకం. మీ ఇంటికి వచ్చి ఐదు రోజులు! ఆ అంకె సాఫ్ట్‌వేర్ కల్పించేది కాదు, డ్రైవ్ తనలో తాను రాసుకునే లెక్క. సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి చూపిస్తుందంతే. పాత సరుకును కొత్తదని నమ్మించడం ఈ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. కంపెనీ మెయిల్ మీకు వ్యతిరేకం అనుకుంటున్నారేమో, నా దృష్టిలో మీ చేతిలోని మంచి కాగితాల్లో అదొకటి. రిటైల్‌లో అమ్మాల్సిన సరుకు కాదని తయారీదారే రాసిచ్చాడు. దుకాణదారు దాన్ని ఎక్కడ కొన్నాడన్నది అతని తలనొప్పి. డబ్బు తీసుకున్నది అతను, జవాబుదారీ అతనే. కంపెనీని ప్రతివాదిగా లాగితే వాయిదాలు పెరగడమే తప్ప ఒరిగేదేమీ లేదు.

చచ్చిన డ్రైవ్‌ను ‘కంపెనీకి పంపిస్తాం’ అంటే ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే సీరియల్ నంబర్ కనిపించేలా ఫోటో తీసి, అదే నంబర్‌తో రసీదు రాయించుకోండి. బిల్లుపై సీరియల్ నంబర్ లేకపోతే ‘ఇది మేం అమ్మిన డ్రైవే కాదు’ అనేస్తారు. అప్పుడు వాట్సాప్ సంభాషణే దిక్కు, కాబట్టి ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగంపై మీరు, మరో భాగంపై నిపుణుడు సంతకం పెట్టాలి. అవసరమనుకుంటే వినియోగదారుల కమిషన్ డ్రైవ్‌ను ల్యాబ్‌కు పంపుతుంది, ఆ రుసుము ముందుగా మీరే కట్టాల్సి రావచ్చు. పూర్తిగా చచ్చిన డ్రైవ్ నుంచి గంటల లెక్క బయటికి రాకపోవచ్చు. ఐదో రోజు స్క్రీన్‌షాట్ తీసిన మీవాడిని మెచ్చుకోవాలి.

పోయిన వీడియోల గురించి అంత ధీమా ఇవ్వలేను. డ్రైవ్ కంపెనీల వారంటీలు డేటాకు సాధారణంగా పూచీ పడవు. పోయినదాని విలువ కాగితంపై చూపలేకపోతే దాన్ని విడిగా లక్షల్లో అడగడం కన్నా మానసిక వేదన కింద ఓ మాదిరి మొత్తం కోరడమే నయం.

హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు. బిల్లు కింద వేసిన ముద్ర ఆ హక్కును తీసేయదు. కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి, లేదా వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో దాఖలు చేయండి. వీడియో ద్వారా విచారణ కోరే వీలు కూడా చట్టంలో ఉంది. చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి రుసుము లేదు. వకీలు కూడా తప్పనిసరి కాదు. అబ్బాయి మైనర్ కనుక తండ్రిగా మీరే ఫిర్యాదు చేయొచ్చు, బిల్లు వాడి పేరున ఉండటం అడ్డు కాదు. కేసు నడుస్తుండగా వాడికి 18 నిండితే ఆ సంగతి కమిషన్‌కు తెలపండి. గడువు రెండేళ్లు, కొన్న నాటి నుంచే లెక్క వేసుకుని 2027 అక్టోబర్ దాకా లాగకండి. ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో, లేకుంటే మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పట్టొచ్చని మనసులో పెట్టుకోండి.

అంతకుముందు 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలామంది దుకాణదారులు ఇక్కడే దిగివస్తారు. కొత్త డ్రైవ్ ఇస్తామంటే తీసుకోండి, కానీ సీరియల్ నంబర్, వారంటీ గడువు రాసిన కొత్త బిల్లుతోనే. సీలు విప్పగానే మీవాడి చేత గంటల లెక్క చూపించుకుని, అది సున్నా దగ్గర ఉంటేనే రాజీ కాగితంపై సంతకం పెట్టండి.