వరుసల నుంచి జేసన్ దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వెబ్ ప్రోగ్రామింగ్ చేస్తున్న పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. డేటాబేస్‌ను అడిగితే వచ్చే ఫలితం వరుసల రూపంలో ఉంటుంది, తెర మీద చూపించే ప్రోగ్రాముకు కావలసింది మరో రూపం, సాధారణంగా జేసన్ (JSON), అంటే ప్రోగ్రాములు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే పాఠ్య రూపం. ఈ రెండింటి నడుమ జరగవలసిన మార్పిడిని చాలామంది ఒక్క ఫంక్షన్‌కు అప్పగించి ఊరుకుంటారు. ఈ నెల వచ్చిన చిక్కులన్నీ దాదాపు అక్కడ పుట్టినవే.

ప్రశ్న: నేను పుస్తకాల పట్టికను, రచయితల పట్టికను జాయిన్ చేసి (ఒకటిగా కలిపి) ఫలితాన్ని జేసన్‌గా పంపుతున్నాను. ఒక పుస్తకానికి ముగ్గురు రచయితలుంటే ఆ పుస్తకం మూడుసార్లు కనిపిస్తోంది. క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో), ఒకేలా ఉన్న వరుసలను తొలగించే డిస్టింక్ట్ చేర్చినా మార్పు లేదు. పుస్తకం ఒక్కసారే వచ్చి, దాని కింద రచయితలందరి పేర్లూ జాబితాగా రావాలంటే ఏం చేయాలి?

జవాబు: మీ క్వెరీలో తప్పేమీ లేదు. రిలేషనల్ డేటాబేస్ (సమాచారాన్ని పట్టికలుగా దాచేది) స్వభావమే అంత. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ఈ నమూనాను ప్రతిపాదించినప్పుడు, ఒక గడిలో మరో పట్టిక ఇమిడి ఉండే అమరికను విడదీసి అన్నిటినీ సాదా పట్టికలుగా మార్చాలని చెప్పి, ఆ పనికి నార్మలైజేషన్ అని పేరు పెట్టారు. కాబట్టి మీ జాయిన్ ఫలితంలో ఒక్కో వరుస ఒక పుస్తకం కాదు, ఒక పుస్తకమూ ఒక రచయితా కలిసిన జంట. మూడు జంటలు ఉన్నాయి గనుక మూడు వరుసలు వచ్చాయి. డిస్టింక్ట్ మొత్తం వరుసను పోల్చి చూస్తుంది. రచయిత పేరు వేరైతే దాని దృష్టిలో అవి వేర్వేరు వరుసలే.

ఆ జంటలను తిరిగి ఒక గూటికి చేర్చే పని మీ ప్రోగ్రాముది. ఖాళీ మ్యాప్ (కీని బట్టి విలువను వెతికి ఇచ్చే నిల్వ) ఒకటి తీసుకుని వరుసలను ఒక్కొక్కటిగా చదవండి. వరుసలోని పుస్తకం ఐడీ ఆ మ్యాప్‌లో లేకపోతే, పుస్తకం వివరాలతోపాటు ఖాళీ రచయితల జాబితాను కూడా పెట్టి కొత్త ఆబ్జెక్ట్‌ను చేర్చండి. ఉన్నా లేకపోయినా, ఆ తర్వాత రచయితను ఆ జాబితా చివర కలపండి. లూప్ పూర్తయ్యేసరికి {"పేరు": "మొదటి పుస్తకం", "రచయితలు": ["ఒకరు", "ఇంకొకరు"]} వంటి ఆకృతి సిద్ధమవుతుంది. పీహెచ్‌పీ అయినా, పైథాన్ అయినా, జావాస్క్రిప్ట్ అయినా పద్ధతి ఇదే. కొందరు మ్యాప్ అక్కర్లేదని, ఐడీ మారినప్పుడల్లా కొత్త పుస్తకం మొదలైనట్టు భావిస్తారు. క్వెరీలో పుస్తకం ఐడీ ప్రకారం వరుసలను అమర్చే ఆర్డర్ బై ఉన్నంతకాలమే అది పనిచేస్తుంది. అది లేనప్పుడు వరుసలు ఏ క్రమంలో వస్తాయన్నదానికి డేటాబేస్ ఏ హామీ ఇవ్వదు.

ఇక్కడ నాలుగు చోట్ల కాలు జారే అవకాశం ఉంది. పుస్తకానికీ రచయితకూ రెండు పట్టికల్లోనూ ‘పేరు’ అనే కాలమ్ ఉంటే, ఫలితాన్ని కాలమ్ పేర్లతో చదివినప్పుడు రెండో విలువ మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లనూ తెమ్మనడం) రాసినవారికి ఇది తరచూ ఎదురవుతుంది కాబట్టి కావలసిన కాలమ్‌లను విడివిడిగా పేర్కొని, ఒకే పేరున్నవాటికి యాజ్ ద్వారా వేరే పేర్లు పెట్టండి. సెలెక్ట్ స్టార్ మానేయడానికి ఇంకో కారణం కూడా చెప్పాలి: వినియోగదారుల పట్టికను అలా చదివి నేరుగా జేసన్ చేస్తే, పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని విధంగా మార్చి దాచిన రూపం) కూడా నిశ్శబ్దంగా బ్రౌజర్‌కు చేరిపోతుంది.

రెండోది పీహెచ్‌పీకి సంబంధించినది. ఐడీలను కీలుగా పెట్టుకున్న మ్యాప్‌ను అలాగే జేసన్ చేస్తే, చదరపు బ్రాకెట్ల జాబితాకు బదులు మీసాల బ్రాకెట్ల ఆబ్జెక్ట్ వస్తుంది. జాబితా అనుకుని లూప్ తిప్పబోయిన బ్రౌజర్ కోడ్ అక్కడే ఆగిపోతుంది. జేసన్ చేసేముందు అరే వాల్యూస్ ఫంక్షన్‌తో కీలను తీసేయండి. జాబితాలోంచి మధ్యలో ఒక అంశాన్ని వడకట్టి తీసేసినప్పుడు కూడా వరుస సంఖ్యల్లో ఖాళీ ఏర్పడి ఇదే జరుగుతుంది. అన్ని పుస్తకాలూ ఉన్నప్పుడు బాగా నడిచి, ఒక్కటి తగ్గగానే పాడైపోయే పేజీ ఎదురైతే మొదట చూడవలసిన చోటు ఇదే.

మూడోది, రచయితే లేని పుస్తకం. లెఫ్ట్ జాయిన్ చేస్తే ఆ పుస్తకానికి కూడా ఒక వరుస వస్తుంది, అందులో రచయిత గడులన్నీ నల్‌గా (విలువే లేకుండా) ఉంటాయి. ఆ నల్‌ను చూసుకోకుండా జాబితాలో కలిపితే, ఎవరూ లేని పుస్తకానికి పేరులేని రచయిత ఒకరు పుట్టుకొస్తారు. రచయిత ఐడీ నల్ అయితే ఏమీ కలపకండి. జాబితాను ఖాళీగా పంపండి గానీ, నల్‌గా మార్చకండి.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది లిమిట్. పేజీకి పది పుస్తకాలు చూపాలని జాయిన్ క్వెరీ చివర లిమిట్ 10 పెడితే, అది పది వరుసలను లెక్కపెడుతుంది తప్ప పది పుస్తకాలను కాదు. నాలుగు పుస్తకాలే రావచ్చు, నాలుగో పుస్తకానికి ఉన్న ముగ్గురు రచయితల్లో ఒక్కరే రావచ్చు. అందుకని పేజీలుగా విడగొట్టవలసి వచ్చినప్పుడు జాయిన్‌ను వదిలి రెండు క్వెరీలు రాయమంటాను: మొదటిది పది పుస్తకాలను తెస్తుంది, రెండోది ఆ పది ఐడీలను ఇన్ జాబితాగా తీసుకుని వాటి రచయితలందరినీ ఒకేసారి తెస్తుంది, ఆపైన ప్రోగ్రాములో జతచేయవచ్చు. పుస్తకానికొక క్వెరీ చొప్పున లూప్‌లో రాస్తే మాత్రం పది పుస్తకాలకు పదకొండు క్వెరీలు, నూటికి నూటొకటి అవుతాయి. మొదటి క్వెరీలో ఒక్క పుస్తకమూ రాకపోతే ఇన్ జాబితా ఖాళీ అవుతుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ దాన్ని వ్యాకరణ దోషంగా తిప్పికొడుతుంది కనుక ఆ సందర్భంలో రెండో క్వెరీని పంపకుండానే ఖాళీ జాబితా ఇవ్వండి.

రచయితలతోపాటు సమీక్షలను కూడా అదే క్వెరీలో జాయిన్ చేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ముగ్గురు రచయితలు, నాలుగు సమీక్షలు ఉన్న పుస్తకం పన్నెండు వరుసలై వస్తుంది; మీరు కట్టిన జాబితాలో ఒక్కో రచయిత నాలుగేసిసార్లు కనిపిస్తారు.

ప్రశ్న: పట్టికలో పూర్ణాంకంగా ఉన్న కాలమ్ జేసన్‌లో కోట్ గుర్తుల మధ్య స్ట్రింగ్‌గా వస్తోంది. పీహెచ్‌పీలోని న్యూమరిక్ చెక్ అనే ఆప్షన్ ఇస్తే సరిపోతుందని స్నేహితుడు సలహా ఇచ్చాడు. వాడవచ్చా?

జవాబు: వాడవద్దు. ఎందుకో చెప్పేముందు ఆ కోట్ గుర్తులు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం. మైఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు క్వెరీ ఫలితాలను తీగ మీద అక్షరాలుగానే పంపుతుంది. వాటిని తిరిగి సంఖ్యలుగా మార్చాలా వద్దా అన్నది మీరు వాడే డ్రైవర్ (ప్రోగ్రామును డేటాబేస్‌తో కలిపే భాగం) ఇష్టం. పీహెచ్‌పీలో పీడీఓ అనే డేటాబేస్ ఇంటర్‌ఫేస్ ద్వారా మైఎస్‌క్యూఎల్ వాడేవారికి ఏళ్ల తరబడి, ఎమ్యులేషన్ (సిద్ధం చేసిన క్వెరీలను సర్వర్‌కు బదులు పీడీఓయే అనుకరించడం) ఆన్‌లో ఉన్నంతవరకు, అన్నీ స్ట్రింగులుగానే అందేవి. 2021లో వచ్చిన 8.1 వెర్షన్ నుంచి పూర్ణాంకాలు పూర్ణాంకాలుగా వస్తున్నాయి. అంటే సర్వర్‌లో పీహెచ్‌పీ వెర్షన్ మారితే, మీరు ఒక్క అక్షరం దిద్దకపోయినా మీ జేసన్ మారిపోతుంది. నోడ్‌లో (సర్వర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌లో) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవారిది ఇందుకు మరో రకం అనుభవం: కౌంట్ ఫలితం బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకం) రకానికి చెందుతుంది, అక్కడి ప్రధాన డ్రైవర్ దాన్ని స్ట్రింగ్‌గా ఇస్తుంది, దానికి ఒకటి కలపబోతే 5 కాస్తా 51 అవుతుంది.

న్యూమరిక్ చెక్ సంఖ్యలా కనిపించే ప్రతి స్ట్రింగ్‌నూ సంఖ్యగా మార్చేస్తుంది. సున్నాతో మొదలయ్యే ఫోన్ నంబరు తన సున్నాను పోగొట్టుకుంటుంది. అంకెల మధ్య ఇంగ్లీషు ‘ఇ’ అక్షరమున్న వస్తువు కోడ్‌ను ఘాతాంకంగా భావించి ఇంకేదో పెద్ద సంఖ్య చేస్తుంది. ఆ రెండూ లెక్కించే సంఖ్యలు కావు, గుర్తులు మాత్రమే. ఆ తేడా మీకు తెలుసు గానీ ఆ ఆప్షన్‌కు తెలియదు. కాబట్టి ఏ కాలమ్ ఏ రకమో మీరే నిర్ణయించి, వరుసను ఆబ్జెక్ట్‌గా మార్చే చోటనే ఒక్కో విలువను విడిగా మార్చండి. నాలుగు పంక్తులు ఎక్కువ రాయవలసి వస్తుంది, కానీ ఆ నాలుగు పంక్తులే మీరు పంపే డేటాకు లిఖితపూర్వకమైన ఒప్పందంగా నిలుస్తాయి.

అలాగని ప్రతి సంఖ్యనూ సంఖ్యగానే పంపాలని కాదు. జావాస్క్రిప్ట్‌లోని మామూలు సంఖ్య 9007199254740991 వరకే పూర్ణాంకాలను నమ్మకంగా పట్టుకోగలదు. బిగ్‌ఇంట్ కాలమ్‌లో 9007199254740993 అనే ఐడీ ఉంటే, జేసన్‌లో అది సరిగ్గానే ఉన్నా, బ్రౌజర్ చదివేసరికి చివరి 3 కాస్తా 2 అవుతుంది. వినియోగదారు ఒక రికార్డును నొక్కితే వేరొకటి తెరుచుకుంటుంది. అంత పెద్ద ఐడీలను స్ట్రింగ్‌గానే పంపండి. డబ్బుకు వాడే డెసిమల్ కాలమ్‌ల సంగతీ అంతే. 0.1, 0.2 కలిపితే 0.3కు బదులు 0.30000000000000004 చూపించే చోటికి మొత్తాలను సంఖ్యలుగా పంపి, అక్కడ కూడికలు చేయించడం మంచిది కాదు.

మైఎస్‌క్యూఎల్‌లో అవును, కాదు అన్న విలువలను టైనీఇంట్ (చిన్న పూర్ణాంకం) కాలమ్‌లో 1, 0గా దాచుకుంటారు. అది "0" అనే స్ట్రింగ్‌గా బయటికి వెళితే పీహెచ్‌పీ దాన్ని అసత్యంగా చూస్తుంది, జావాస్క్రిప్ట్ సత్యంగా చూస్తుంది. సర్వర్‌లో పరీక్షించినప్పుడు ‘కాదు’ అని, తెర మీద ‘అవును’ అని వచ్చే ఈ తప్పును పట్టుకోవడానికి నేను ఒకప్పుడు ఒక పూట మొత్తం పోగొట్టుకున్నాను. తేదీలకైతే జేసన్‌లో ప్రత్యేక రకమే లేదు. ఐఎస్ఓ 8601 పద్ధతిలో, కాలమండలాన్ని కూడా చేర్చి, స్ట్రింగ్‌గా పంపడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఇంగ్లీషు వివరాలున్నంతవరకు నా పీహెచ్‌పీ పేజీ పనిచేసింది. తెలుగు వివరణలు చేర్చాక, వాటిలో మొదటి 100 అక్షరాలను కత్తిరించి పంపుతుంటే కొన్నిసార్లు పూర్తిగా ఖాళీ జవాబు వస్తోంది. వచ్చినప్పుడు కూడా తెలుగుకు బదులు ఏవో కోడ్‌లు కనిపిస్తున్నాయి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులు, రెండోదానికి కంగారు అక్కర్లేదు. ఆ కోడ్‌లు యూనికోడ్ సంఖ్యలు. బ్రౌజర్ వాటిని చదవగానే తిరిగి తెలుగు అవుతాయి. పరిమాణం మాత్రం పెరుగుతుంది. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 యూనికోడ్ అంశాలున్నాయి. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) అవి 18 బైట్లు, కోడ్‌లుగా రాస్తే 36. అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ ఆప్షన్ ఇస్తే తెలుగు తెలుగుగానే వెళుతుంది.

ఖాళీ జవాబుకు కారణం మీ కత్తిరింపు. పీహెచ్‌పీలోని సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ అక్షరాలను కాక బైట్లను లెక్కపెడుతుంది. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి, 100 మూడుతో భాగింపబడదు. మధ్యలో ఖాళీలు, విరామ చిహ్నాలు ఒక్కో బైటు తీసుకుంటాయి కనుక కొన్ని వాక్యాలు అదృష్టవశాత్తు సరిగ్గా తెగుతాయి, కొన్ని అక్షరం నడుమ తెగుతాయి. తెగిన బైట్లు సరైన యూటీఎఫ్-8 కావు, అందుచేత జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్ ఫాల్స్ తిరిగి ఇస్తుంది, ఫాల్స్‌ను ముద్రిస్తే ఏమీ కనిపించదు. పీహెచ్‌పీ 7.3 నుంచి ఉన్న త్రో ఆన్ ఎర్రర్ ఆప్షన్ పెట్టుకుంటే ఇలా మౌనంగా ఉండిపోకుండా తప్పును బయటపెడుతుంది. కత్తిరించడానికి ఎంబీ సబ్‌స్ట్రింగ్ వాడండి. అది కూడా హల్లును దాని గుణింతం నుంచి విడదీయగలదు కాబట్టి, intl అనే ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్ సబ్‌స్ట్రింగ్ తెలుగుకు ఇంకా మేలు.

జవాబు ఖాళీగా కాక వరసగా ప్రశ్నార్థకాలు వస్తే కారణం వేరు. అప్పుడు డేటాబేస్ కనెక్షన్ అక్షర సమితి యూటీఎఫ్8ఎంబీ4గా ఉందో లేదో చూడండి. ఆ ప్రశ్నార్థకాలు పట్టికలోనే నిల్వ అయి ఉంటే అసలు పాఠం తిరిగి రాదు.

ప్రశ్న: ఈ కూర్పు పనినంతా డేటాబేస్‌కే అప్పగించవచ్చు కదా?

జవాబు: అప్పగించవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో వరుసలను ఒక జాబితాగా కూర్చే జేసన్ యాగ్, మైఎస్‌క్యూఎల్‌లో 5.7.22 నుంచి జేసన్ అరే యాగ్ ఉన్నాయి. రెండు మూడు అంచెల లోతున్న, చదవడానికి మాత్రమే ఉద్దేశించిన నివేదికలకు నేను పోస్ట్‌గ్రెస్‌లో వీటినే వాడతాను; యాగ్ లోపలే ఆర్డర్ బై రాసుకునే వీలు అక్కడ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆ జాబితా క్రమానికి హామీ లేదు. చదవడానికి ఒక్క వరుస కూడా దొరకకపోతే జేసన్ యాగ్ ఖాళీ జాబితా బదులు నల్ ఇస్తుంది కనుక దాన్ని కోలెస్‌తో (నల్ అయితే వేరే విలువ ఇచ్చే ఫంక్షన్‌తో) చుట్టండి. పాత అలవాటు కొద్దీ గ్రూప్ కాన్‌క్యాట్‌తో కామాలు పెట్టి పేర్లను అతికించి, తర్వాత ప్రోగ్రాములో విడగొట్టడం మాత్రం మానండి. మైఎస్‌క్యూఎల్‌లో దాని అప్రమేయ పరిమితి 1024 బైట్లు. తెలుగు పేర్లకు అది మూడు వందల చిల్లర గుర్తులతోనే నిండిపోయి, మిగిలిన రచయితలు తెగిపోతారు. పేరులోనే కామా ఉంటే ఒకరు ఇద్దరవుతారు.

ప్రశ్న: లక్ష వరుసలను జేసన్‌గా పంపబోతే మెమరీ చాలడం లేదని ప్రోగ్రాము ఆగిపోతోంది. పరిమితి పెంచమంటారా?

జవాబు: ముందు ఆ లక్ష వరుసలను ఎవరు చదువుతారో ఆలోచించండి. తెర మీద చూపడానికే అయితే పేజీలుగా పంపండి. వేరే ప్రోగ్రాము తీసుకోవడానికైతే ఫెచ్ ఆల్ (అన్ని వరుసలనూ ఒకేసారి తేవడం) బదులు ఒక్కో వరుసనూ చదివి, ఒక్కో పంక్తిలో ఒక్కో జేసన్ ఆబ్జెక్ట్‌ను అప్పటికప్పుడే బయటికి రాయండి. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్‌లో బఫరింగ్‌ను కూడా ఆపాలి. లేకపోతే మీరు ఒక్కొక్కటిగా చదువుతున్నా, మొత్తం ఫలితాన్ని డ్రైవర్ ముందే మెమరీలోకి దించుకుని కూర్చుంటుంది.