కిర్గిజ్‌స్థాన్‌లో ఊపిరి ఆడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి నీట్‌లో అర్హత సాధించింది, కానీ ఆ ర్యాంకుకు ఇక్కడ కన్వీనర్ కోటాలో సీటు రాదు. ఎంబీబీఎస్‌కు కిర్గిజ్‌స్థాన్ పంపుదామని మా వారు ఒక కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టారు, పాస్‌పోర్టు కూడా ఇచ్చేశారు. అది కొండల దేశమని, గాలి పలుచగా ఉండి ఊపిరాడదని బంధువులు భయపెడుతున్నారు. అమ్మాయికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది. అక్కడికంటే నేపాల్ మేలా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఎత్తు సంగతి తేల్చేద్దాం. కిర్గిజ్‌స్థాన్ కొండల దేశమే, అక్కడి శిఖరాలు 7,000 మీటర్లు దాటుతాయి. అయితే మీ అమ్మాయి చదవబోయేది శిఖరం మీద కాదు. రాజధాని బిష్కెక్ ఎత్తు సుమారు 800 మీటర్లు. బెంగళూరు 900 దాటుతుంది. పిల్లలను బెంగళూరుకు ఉద్యోగానికి పంపేటప్పుడు మీ బంధువుల్లో ఎవరైనా ఊపిరి గురించి అడిగారా? మన పిల్లలు ఎక్కువగా చేరే మరో నగరం ఓష్ కూడా వెయ్యి మీటర్ల లోపే. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతాయి. ఈ రెండు నగరాల మధ్య రోడ్డు మీద 3,000 మీటర్లు మించిన కనుమలు ఉన్నాయి, కానీ వాటిని బండిలో దాటిపోతారు, అక్కడ పడుకోరు. సెలవుల్లో స్నేహితులతో కొండల్లో బస చేస్తే మాత్రం మెల్లగా ఎక్కాలి. తలనొప్పి ఉండగా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చే గిరిజన కుటుంబాలకు నేను మరో మాట కూడా చెబుతాను: సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించకుండా పిల్లలను ఎత్తైన చోట్లకు పంపకండి, పలుచటి గాలి ఆ జబ్బును రేపుతుంది.

ఆయాసం ఉన్న పిల్ల విషయంలో నా భయం ఎత్తు గురించి కాదు, పొగ గురించి. బిష్కెక్‌లో చలికాలమంతా ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి బొగ్గు కాలుస్తారు. చలిగాలి నేలను అంటిపెట్టుకుని ఉండటంతో ఆ పొగ పైకి పోదు. అమ్మాయిని ఛాతీ వైద్యునికి చూపించి, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష చేయించి, మందులు రాయించుకుని పంపండి. ఆ జాగ్రత్త చాలు. ఆయాసం అదుపులో ఉన్న పిల్లలు ఎందరో అక్కడ చదువుతున్నారు.

అయినా ఊపిరి అన్నది పైకి చెప్పుకునే భయమని నాకు తెలుసు. ఈ ప్రశ్న ఏటా జులై, ఆగస్టుల్లో నా బల్ల ముందుకు వస్తుంది, ఎక్కువగా తల్లుల నుంచి. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్లపై అల్లరి మూక దాడి చేసి, గదులు దాటి బయటికి రావద్దని మన రాయబార కార్యాలయం పిల్లలకు చెప్పినప్పటి నుంచి ఇంకా ఎక్కువగా వస్తోంది. ఆడపిల్లను అంత దూరం పంపడం మీకు ఇష్టం లేదు. ఆ మాట ఇంట్లో చెప్పలేక నన్ను గాలి గురించి అడుగుతున్నారు.

నా సందేహం వేరే చోట ఉంది. మూడేళ్లు అక్కడ చదివి సెలవులకు వచ్చిన ఒక అమ్మాయి నాకు తన నోటు పుస్తకం చూపించింది. అట్ట లోపలి వైపు తెలుగు అక్షరాల్లో రష్యన్ మాటలు: ‘గ్దే బలీత్’ – ఎక్కడ నొప్పి? ‘దిషీతె’ – ఊపిరి పీల్చండి. పాఠం ఇంగ్లిష్‌లో చెబుతారు, రోగి మాత్రం కిర్గిజ్‌లోనో రష్యన్‌లోనో మూలుగుతాడు. ఈ రెండు మాటలతో ఆ పిల్ల ఎంత వైద్యం నేర్చుకుంటుంది? భాష పట్టుకోని వాళ్లు మంచం చుట్టూ వెనక వరుసలో నిలబడే ఏళ్లు గడిపేస్తారు. ఆ లోటు ఇక్కడికి వచ్చి ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో వైద్యం చదివినవారు ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి నెగ్గవలసిన పరీక్ష) రాసినప్పుడు బయటపడుతుంది. 300కు 150 రావాలి. రాసినవారిలో మూడో వంతు కూడా గట్టెక్కని విడతలే ఎక్కువ. హోర్డింగుల మీద తెల్లకోట్లు కనిపిస్తాయి, ఈ లెక్క కనిపించదు.

ఇక కోపగించుకోనంటే ఒక మాట. ఉత్తరంలో మీ వారి నిర్ణయం ఉంది, బంధువుల మాట ఉంది, మీ భయం ఉంది. అమ్మాయికి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల గుండె నిబ్బరం చూడకుండా అడ్వాన్సు కట్టడం ఏ లెక్క? ‘డాక్టర్ గారి నాన్న’ అనిపించుకోవాలన్న మోజుకు ఆరేళ్లు కట్టవలసింది ఆ పిల్ల కదా!

నేపాల్ గురించి అడిగారు. ఎత్తుకు భయపడి నేపాల్ అన్నారేమో, ఖాట్మండు 1,400 మీటర్లు, బిష్కెక్ కంటే పైనే. అక్కడా చలికాలం పొగ తప్పదు. ఫీజు ఎక్కువ, తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ అక్కడివారికీ ఉంది. కానీ వీసా అక్కర్లేదు, రోగాలు మనవాటిలాంటివే, హిందీ వస్తే నేపాలీ త్వరగా పట్టుబడుతుంది. వరంగల్‌లో రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గోరఖ్‌పూర్ దాకా నేరుగా వెళ్లవచ్చు, సరిహద్దు అక్కడికి దగ్గరే. డబ్బు సర్దుకోగలిగితే మీ ఇంటికి నేపాలే నయం. అది కుదరక బిష్కెక్ అయినా గుండెలు బాదుకోనవసరం లేదు, మొదటి ఏడాదే రష్యన్ గట్టిగా నేర్చుకుంటే నెగ్గుకొస్తుంది. ఎక్కడికైనా సరే, చదువు 54 నెలలకు తగ్గకూడదు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఆ దేశంలో వైద్యం చేసే లైసెన్సుకు ఆ పట్టా పనికిరావాలి. ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి.

అంతకంటే ముందు రేపు ఉదయమే కన్సల్టెన్సీకి వెళ్లి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చి అమ్మాయి చేతికి ఇవ్వండి. తర్వాత ఒకరోజు తనను నా దగ్గరికి తీసుకురండి. మేం మాట్లాడుకునేంతసేపు మీరు, మీ వారు బయట బెంచీ మీద కూర్చోవాలి.