డాక్టర్ సలహా: జత లేకుండా ఇంట్లోనే జూడో చేస్తున్నా... వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఆపేయాలా?

ప్రశ్న: నా వయసు 20. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ రెండేళ్లు జూడో నేర్చుకున్నాను. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోని మా ఊళ్లో ఉంటున్నాను. ఇక్కడ జూడో తెలిసినవాళ్లు లేరు కాబట్టి ఒక్కడినే ప్రాక్టీస్ చేస్తున్నాను. రోజూ 500 బస్కీలు తీస్తాను. తర్వాత గచ్చు మీద తల ఆనించి మెడ బ్రిడ్జ్ వేస్తాను. పన్నెండేళ్ల మా తమ్ముడి మీద త్రోలు (ఎత్తి పడేసే పట్లు) ప్రాక్టీస్ చేస్తాను. పది రోజులుగా మెడ పట్టేసి, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని వాడుతున్నాను. ప్రాక్టీస్ ఆపేయాలా? జత లేకుండా నేర్చుకున్నది నిలబెట్టుకోవచ్చా?

జవాబు: జూడో మానేయక్కర్లేదు. మెడ బ్రిడ్జ్ మాత్రం ఈ రోజే ఆపేయండి. తమ్ముడి మీద త్రోలు కూడా.

ముందు మెడ సంగతి. మెడలోంచి చేతికి వెళ్లే నరాల్లో ఆరోది బొటనవేలు, చూపుడువేలి వైపు స్పర్శను చూసుకుంటుంది. మీకు తిమ్మిరి సరిగ్గా అక్కడే వస్తోంది. ఐదు, ఆరు వెన్నుపూసల మధ్య డిస్క్ కాస్త ఉబ్బి ఆ నరాన్ని ఒత్తుతుండవచ్చు. మణికట్టు దగ్గర నరం నొక్కుకున్నా ఇలాంటి తిమ్మిరే వస్తుంది కాబట్టి, పరీక్ష చేయకుండా ఇదేనని తేల్చి చెప్పలేను. కానీ గట్టి గచ్చు మీద నడినెత్తి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి మెడను వెనక్కి వంచడం ఎలాంటి మెడకైనా పెద్ద భారమే. మీ మెడ పది రోజులుగా ఆ మాటే చెబుతోంది.

ఈ వారంలోనే ఎముకల డాక్టర్‌కో, న్యూరాలజిస్టుకో చూపించుకోండి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని మళ్లీ బ్రిడ్జ్ మొదలుపెట్టకండి. ఎక్స్‌రేలో డిస్కులు, నరాలు కనిపించవు. అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. చాలామందికి ఆపరేషన్ లేకుండానే, కొన్ని వారాల విశ్రాంతి, ఫిజియోథెరపీతో తగ్గిపోతుంది. అయితే చేతిలో పట్టు తగ్గినా, రెండు చేతులూ మొద్దుబారినా, నడకలో తూలు వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా వారం దాకా ఆగొద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.

ఇంకో మాట. మెడ పట్టేసిందని సెలూన్‌లో విరిపించుకోకండి. మన దగ్గర ఇది మామూలు అలవాటే. కానీ ఆ విసురుకు మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగితే పక్షవాతం దాకా పోవచ్చు. నరం నొక్కుకుని ఉన్న మెడకు ఆ పని అసలే తగదు.

తిమ్మిరి పూర్తిగా పోయి, మెడ అన్ని వైపులకీ నొప్పి లేకుండా తిరిగిన తర్వాతే మెడ వ్యాయామం. అది కూడా ఇలా చేయండి: అరచేయి నుదుటికి ఆనించి, తల కదలకుండా నుదుటితో చేతిని నెట్టండి. పది సెకన్లు చాలు. ఊపిరి బిగబట్టొద్దు. వెనక, రెండు పక్కలా కూడా అంతే, ఒక్కో వైపు ఐదుసార్లు. చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది కానీ, కింద పడేటప్పుడు తలను ఆపేది ఈ కండరాలే.

ఇక 500 బస్కీలు. మెల్లగా పెంచుకుంటూ వచ్చారా, ఒక్కసారిగా మొదలుపెట్టారా అన్నది మీరు రాయలేదు. పాతకాలం పహిల్వాన్లు వేలకొద్దీ తీసేవారంటే, చిన్నప్పటి నుంచి తాలీంఖానాలో వస్తాదు కళ్ల ముందు ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చినవాళ్లు. అలవాటు లేని ఒంటితో ఒకేసారి అన్ని తీస్తే కండరాలు లోపల చితికి, వాటిలోని పదార్థం రక్తంలోకి చేరి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. తొడలు విపరీతంగా నొప్పి పెట్టి, మూత్రం డికాషన్ రంగులో వస్తే కొబ్బరినీళ్లు తాగి పడుకోవడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎండాకాలంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మీరు వేసుకుంటున్న నొప్పి మాత్రల్లో చాలా రకాలు కూడా కిడ్నీల మీద భారం వేసేవే. నొప్పిని మాత్రతో అణిచి ప్రాక్టీస్ చేయడమంటే రెండు వైపులా ప్రమాదం కొనితెచ్చుకోవడమే. డాక్టర్‌ని కలిసేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. మెడ తగ్గాక 20 చొప్పున నాలుగైదు విడతలు, రోజు విడిచి రోజు తీస్తే చాలు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ తమ్ముడి విషయం. జపాన్‌లో 1983 నుంచి 2011 వరకు బడుల్లో జూడో చేస్తూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. జూడోలో తలకు తీవ్రంగా దెబ్బ తగిలేది ఎక్కువగా కొత్తగా చేరినవాళ్లకే, ముఖ్యంగా ఒసోతో గారి (అవతలివాడి కాలిని వెనక నుంచి కాలితో లాగి వెల్లకిలా పడేయడం) లాంటి త్రోలో వెనక్కి పడి తల నేలకు కొట్టుకోవడం వల్ల. జూడో పుట్టిన దేశంలో, మ్యాట్ల మీదే ఇలా జరిగింది. పడటం నేర్వని పన్నెండేళ్ల పిల్లవాడిని గచ్చు ఉన్న ఇంట్లో ఎత్తి పడేయడం ఎంత ప్రమాదమో మీకు విడిగా చెప్పక్కర్లేదు. వాడి మెడ చుట్టూ చేయి వేసి చోక్ కూడా చేయకండి. ఆ పట్టు సరిగ్గా బిగిస్తే సుమారు పది సెకన్లలోనే స్పృహ పోతుంది. ఎప్పుడు తట్టి ఆపమనాలో వాడికి తెలియదు. ఇప్పటికే ఎప్పుడైనా వాడి తలకు దెబ్బ తగిలి, తలనొప్పి, వాంతులు, మగత ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి.

మరి ఒంటరిగా ఏం చేయొచ్చు? చాలానే ఉంది. జూడోలో జత లేకుండా చేసే సాధనకు తండోకు రెన్షూ అని పేరే ఉంది. పాత సైకిల్ ట్యూబులు రెండు వేపచెట్టుకో, గట్టి స్తంభానికో కట్టి, వాటిని అవతలివాడి చేతులనుకుని ఉచికోమి చేయండి, అంటే త్రోకి వెళ్లే కదలికను పడేసేదాకా పోకుండా మళ్లీ మళ్లీ చేయడం. పది చొప్పున, ప్రతిసారీ అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ. వేగం తర్వాత పెంచవచ్చు. ట్యూబు పగుళ్లు వారిందేమో రోజూ చూడండి, తెగితే నేరుగా ముఖానికే తగులుతుంది. పట్టు కోసం కొమ్మకు తువ్వాలు వేసి వేలాడొచ్చు. ఇది కూడా తిమ్మిరి పోయాకే. పడటం ప్రాక్టీస్ చేయాలంటే వరిగడ్డి మందంగా పరిచి, పైన టార్పాలిన్ బిగించి కట్టండి. మెత్తటి పరుపు వద్దు, పాదం కూరుకుపోయి మోకాలు మెలి తిరుగుతుంది. ముందు కూర్చుని వెనక్కి పడండి, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాతే నిలబడి. గడ్డం ఎప్పుడూ ఛాతీకి ఆని ఉండాలి. పాత ప్యాంట్లలో గుడ్డలు కుక్కి బొమ్మ చేసుకుంటే త్రోలు కూడా చేయొచ్చు. బరువు 15 కిలోలు దాటనివ్వకండి, నడుము వంచి కాకుండా మోకాళ్లు వంచి ఎత్తండి.

ఒక్కటి మాత్రం ఒంటరిగా రాదు. అవతలి మనిషి బరువు ఎటు మొగ్గుతోందో చేతుల్లో తెలియడం. దానికి ఇంకో ఆటగాడు ఉండాల్సిందే. మెడ నయమయ్యాక నెలకు రెండు ఆదివారాలైనా హైదరాబాద్ వెళ్లి మీ పాత కోచ్ దగ్గర ప్రాక్టీస్ చేయండి. వెళ్లిన మొదటి రోజే, మ్యాట్ ఎక్కకముందే, మెడ సంగతి ఆయనకు చెప్పండి.