టెక్ సందేహాలు: మూడు తూటాల గ్రూపును నమ్మొచ్చా?

ప్రశ్న: టార్గెట్ షూటింగ్ కోసం రెండు .308 రైఫిళ్లు చూస్తున్నాను. ఒకదాని బ్రోషర్‌లో మూడు తూటాలకు 0.8 ఎంఓఏ అని ఉంది. రెండోదానికి పది తూటాలకు 1.1 ఎంఓఏ. మొదటిదాని ధర దాదాపు రెట్టింపు. దేని గురి మెరుగు?

జవాబు: చవక దానిదే కావచ్చు. ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అంటే డిగ్రీలో 60వ వంతు కోణం. 100 మీటర్ల దగ్గర అది 29 మి.మీ. కాబట్టి మీ రెండు అంకెలూ 23, 32 మి.మీ. అవుతాయి. కానీ గ్రూపు (ఒకే గురికి వరసగా కాల్చిన తూటాల రంధ్రాల గుంపు) సైజు అంటే బాగా ఎడంగా పడ్డ రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం. ఇంకో తూటా కాలిస్తే అది పెరగొచ్చు, తగ్గడం మాత్రం ఉండదు. తూటాలు అన్ని వైపులకూ ఒకేలా చెదురుతాయనుకుంటే, పది తూటాల గ్రూపు సగటున మూడు తూటాల గ్రూపుకు 1.58 రెట్లు ఉంటుంది. 0.8ని 1.58తో గుణిస్తే 1.26. అంటే 37 మి.మీ. అదీ 0.8 సగటు అంకె అయితేనే. చాలా గ్రూపుల్లోంచి ఏరిన బెస్ట్ గ్రూపైతే ఇంకా వెనకబడినట్టే.

మూడు తూటాలతో ఇంకో చిక్కుంది. ఒకే రైఫిల్, ఒకే పెట్టెలోని తూటాలతో ఒక గ్రూపు 15 మి.మీ., తర్వాతది 30 రావడం మామూలే. అందుకే పది తూటాలు కాల్చి, గ్రూపు కేంద్రం నుంచి ఒక్కో రంధ్రం దూరం కొలిచి సగటు తీయండి. ఈ సగటు వ్యాసార్థంలో పదికి పదీ లెక్కలోకి వస్తాయి.

రెట్టింపు ధరకు సాధారణంగా వచ్చేవి బరువైన బ్యారెల్, మెరుగైన ట్రిగ్గర్, సర్దుకునే స్టాక్ (భుజానికి ఆనించే భాగం). బ్యారెల్ వేడెక్కాక కూడా గ్రూపు చెదరకుండా ఉంటే ఆ డబ్బుకు అర్థముంది. దుకాణానికి పరుగెత్తే ముందు ఇప్పుడున్న రైఫిల్‌తోనే నాలుగు రకాల తూటాలు, రకానికి పది చొప్పున కాల్చి చూడండి. ఒకే గ్రూపు రెండు గుంపులుగా చీలుతుంటే ముందు స్కోప్ మౌంట్ స్క్రూలను అనుమానించండి, బ్యారెల్‌ను కాదు.

క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) అంకెల గురించి 100 మీటర్ల దగ్గర బెంగ అక్కర్లేదు. సెకనుకు 800 మీటర్ల తూటా వేగంలో 10 మీటర్ల తేడా అక్కడ 2 మి.మీ. మాత్రమే దించుతుంది. 600 మీటర్లకు అదే తేడా సుమారు 10 సెం.మీ.

ప్రశ్న: గ్రూపు కొలిచే యాప్‌లో ఒకే కాగితానికి ఒకసారి 31, ఇంకోసారి 27 మి.మీ. చూపిస్తోంది. ఫోన్ లోపమా?

జవాబు: ఫోన్‌ను వంచి ఫోటో తీసి ఉంటారు. 30 డిగ్రీలు వంచితే నిలువు కొలత 13 శాతం కుంగి, 31 కాస్తా 27 అవుతుంది. కాగితాన్ని గోడకు చదునుగా అంటించి, మీటరున్నర దూరం నుంచి 2ఎక్స్ జూమ్‌తో ఎదురుగా తీయండి. పక్కన 100 మి.మీ. చతురస్రం గీసి ఉంచండి. ఫోటోలో దాని నాలుగు భుజాలూ సమానంగా లేకపోతే మళ్లీ తీయాల్సిందే. యాప్‌కు స్కేలుగా ఈ చతురస్రాన్నే ఇవ్వండి. రంధ్రాన్ని ఇవ్వొద్దు, ఎందుకంటే కాగితం మళ్లీ ముడుచుకుని రంధ్రం తూటా కంటే చిన్నగా కనిపిస్తుంది. అనుమానముంటే వెర్నియర్‌తో దూరపు రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, అదే కాగితం మీది ఒంటరి రంధ్రం వ్యాసాన్ని తీసేయండి.