మైనం తీగ చుట్టే చేతికి ఏ చదువు?

ప్రశ్న: మాది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. తాతల నాటి నుంచి డోక్రా ఇత్తడి బొమ్మలు పోతపోస్తున్నాం. ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయి ఇదే పని చేస్తానంటోంది, పైగా గూడెం పిల్లలకూ నేర్పుతానంటోంది. డిగ్రీ చేసి గ్రూప్స్ రాయమంటే వినడం లేదు. కొలిమి దగ్గర నా చేతులు కాలింది చాలదా? మీరైనా చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ఇత్తడి అప్పు తెచ్చి కొని, బొమ్మ అమ్ముడుపోయేదాకా ఎదురుచూసే ఇంట్లో ఏ తండ్రి అయినా మీలాగే అంటాడు. మీ భయాన్ని నేను తీసిపారేయను. అయితే మీ అమ్మాయి కోరుతున్నది రెండు పనులు. బొమ్మ పోయడం ఒకటి, నేర్పడం మరొకటి. ఈ రెండోదాన్ని అందరూ ఉచిత సేవ అనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. నేర్పేవాళ్లకు జీతం లేకపోతే రెండేళ్లలో ఆమె మీరు చెప్పిన గ్రూప్స్ కోచింగ్‌లోనే తేలుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ సంగతి చూడండి. 1950ల చివరికి ఆ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టి, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారిని గురువుగా కూర్చోబెట్టారు. ఇవాళ అక్కడ కలం పట్టి బతుకుతున్నవాళ్లలో చాలామంది విద్య ఆ కేంద్రం నుంచి వచ్చిందే. కళ గొప్పదని ఎంత పొగిడినా ఆ పని జరిగేది కాదు, నేర్పడానికి ఒక చోటు, ఒక గురువు ఏర్పడ్డాయి కాబట్టి జరిగింది.

ఇప్పుడు మీ అమ్మాయి చదువు. మట్టి ముద్ద మీద మైనం తీగలు సందు లేకుండా చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు కదా. అచ్చు పగలగొడితేగాని బొమ్మ బయటికి రాదు. తీగ ఎంత సన్నగా ఉండాలో, ఇత్తడి ఎటు నుంచి పోయాలో ఆమెకు చేతి గుర్తు. అహ్మదాబాద్, ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)ల్లో డిజైన్ డిగ్రీకి జరిగే ప్రవేశ పరీక్ష రెండో దశలో చేత్తో వస్తువు చేయించే స్టూడియో టెస్ట్ ఉంటుంది. పట్నం పిల్లలు ఫీజు కట్టి మరీ తీగ వంచడం నేర్చుకుంటారు దానికోసం! ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. అడ్డంకి భాష. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు, కాబట్టి ఈ ఆరు నెలలు ఇంగ్లిష్ మీద పెట్టమనండి.

ఫ్యాషన్ చదువులు చెప్పే కేంద్ర సంస్థ నిఫ్ట్‌లో చేతివృత్తులవాళ్ల పిల్లలకు ప్రత్యేక కేటగిరీ ఉంది. దానికి కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే ‘పెహచాన్’ గుర్తింపు కార్డు అడుగుతారు. మీకు లేకపోతే ముందు మీరు తీసుకోండి, ఆమె సంగతి తర్వాత. షరతులు ఏ ఏటికా ఏడు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. జైపూర్‌లోని ఐఐసీడీ అయితే హస్తకళల కోసమే పుట్టిన సంస్థ. వీటిలో ఫీజులు లక్షల్లో ఉంటాయి, దాచను. మీ కుల ధ్రువపత్రం ఏ వర్గం కింద ఉందో తేల్చుకుని, స్కాలర్‌షిప్ సంగతి సీటు రాకముందే కనుక్కోండి. అంత దూరం వద్దనుకుంటే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం)లో బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) శిల్పకళ ఉంది.

ఏదీ కుదరకపోతే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేస్తూ ఇంటి దగ్గరే పని నేర్చుకోవచ్చు. ఆ డిగ్రీతో గ్రూప్స్ రాసుకోవచ్చు, మీ మాటా దక్కుతుంది.

ఇక నేర్పడం. హస్తకళల శాఖలో గురుశిష్య శిక్షణ పథకం ఉంది. అందులో గురువుకు గౌరవ వేతనం, నేర్చుకునేవాళ్లకు స్టైపెండ్ ఇస్తారు. అంటే మీరు గురువు, ఆమె దరఖాస్తులూ లెక్కలూ చూసే మనిషి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులు పెట్టి, స్థానిక వృత్తికారుల దగ్గర పని నేర్పమంది. మీ మండలంలోని బడి హెడ్మాస్టరును ఆమె అడగవచ్చు. మరో పని కూడా ఉంది, అది ఎవరికీ పట్టదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అయితే పనివాళ్లు అధీకృత వినియోగదారులుగా పేరు నమోదు చేయించుకుంటేగాని ఆ గుర్తును తమ బొమ్మ మీద వాడుకోలేరు. గూడెంలో ఎంతమంది పేర్లు నమోదయ్యాయో ఆమెను కనుక్కోమనండి. చదువుకున్న పిల్ల ఉన్నందుకు గూడేనికి దక్కే మొదటి లాభం అదే.

ప్రస్తుతానికి ఒక్కటి చేయండి. ఈసారి కొలిమి వెలిగించినప్పుడు మట్టి ముద్ద దగ్గర నుంచి అచ్చు పగిలేదాకా ప్రతి దశకూ ఆమెను ఒక బొమ్మ గీసి, ఒక ఫొటో తీసి దాచమనండి. ఇంటర్వ్యూ ఉండే చోట చూపించడానికి అవే పనికొస్తాయి.